రిమోట్ టవర్ కెమెరాలు చూసి ఏటీసీ నేర్చుకోవచ్చా? కర్నూలు తమ్ముడికి జవాబు

కర్నూలు నుంచి ఒక తమ్ముడు రెండు ప్రశ్నలు అడిగాడు. ఎంపీసీతో బీఎస్సీ అయిపోయింది, ఏఏఐ (ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ) జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు నడిపే కంట్రోలర్ ఉద్యోగపు పరీక్షకు చదువుతున్నాడు. "లండన్‌లో టవర్ ఎక్కకుండానే కెమెరాల్లో చూసి విమానాలు దింపుతున్నారట కదా సార్, మన ఓర్వకల్లులో కూడా ఒక స్తంభం నాటి కెమెరాలు పెడితే మాలాంటోళ్ళు కర్నూలులోనే కూర్చుని ట్రైనింగ్ చేసుకోవచ్చు కదా, ప్రయాగ్‌రాజ్ దాకా పోవడం ఎందుకు?" అన్నది మొదటిది. ఈ కెమెరాలు వచ్చాక అసలు ఉద్యోగాలు ఉంటాయా అన్నది రెండోది.

నాది అనంతపురం. టవర్‌లో, తర్వాత అప్రోచ్‌లో (దిగడానికి దగ్గరికొచ్చే విమానాలను రాడార్‌లో చూసే చోట) చేశాను, చివరి ఏళ్ళలో ఎక్కువగా కొత్తగా వచ్చిన పిల్లలకు ఓజేటీ, అంటే డ్యూటీలోనే నేర్పే ట్రైనింగ్, ఇచ్చి రిటైరయ్యాను. ఈ ప్రశ్న చూడగానే నాకు ముచ్చటేసింది తమ్ముడూ, ఎందుకంటే నువ్వు అడిగినదాంట్లో సగం నిజంగా మంచి ఆలోచన. ఆ సగం నువ్వనుకుంటున్నది కాదు, అంతే. ప్రయాగ్‌రాజ్ లాంటి ట్రైనింగ్ సెంటర్‌కు పోవడం తప్పదు. కెమెరాలు తీర్చగలిగిన కష్టం ప్రయాగ్‌రాజ్‌లో లేదు, అక్కడ చదువైపోయి ఓర్వకల్లులాంటి చిన్న ఎయిర్‌పోర్టులో పోస్టింగ్ వచ్చిన రోజు మొదలవుతుంది.

ముందు సంగతేంటో రెండు ముక్కల్లో. రన్‌వే పక్కన ఎత్తైన స్తంభం మీద చుట్టూ కెమెరాలు బిగించి, ఆ దృశ్యాన్ని ఫైబర్ లైన్ల మీద ఎక్కడో ఉన్న గదికి పంపి, అక్కడ గోడంత స్క్రీన్ల ముందు కంట్రోలర్‌ని కూర్చోబెట్టడమే రిమోట్ టవర్. ప్రపంచంలో మొదట నిజమైన విమానాలతో ఇది నడిచింది స్వీడన్‌లో. 2015 ఏప్రిల్‌లో ఓర్న్‌షోల్డ్స్‌విక్ అనే చిన్న ఎయిర్‌పోర్టును సుండ్స్‌వాల్ నుంచి చూడడం మొదలుపెట్టారు. 2018 చివర్లో జర్మనీ వాళ్ళు సార్‌బ్రూకెన్‌ను లైప్‌జిగ్ నుంచి నడిపారు. నువ్వు చెప్పింది లండన్ సిటీ ఎయిర్‌పోర్టు సంగతి, 2021లో పూర్తిగా మారింది. 50 మీటర్ల స్తంభం, 14 కెమెరాలు, ఇవి కాక జూమ్ చేసుకునేవి 2, కంట్రోలర్లు కూర్చునేది వంద కిలోమీటర్లకు పైగా దూరంలో స్వాన్‌విక్‌లో. అన్నిచోట్లా సాఫీగా సాగలేదులే, అమెరికాలో వర్జీనియాలోని లీస్‌బర్గ్‌లో ఏళ్ళ తరబడి ట్రయల్ నడిపి 2023లో ఆపేశారు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. మీ ఊరి మీదుగా 35 వేల అడుగుల ఎత్తులో తెల్ల గీత గీసుకుంటూ పోయే విమానాలకూ ఓర్వకల్లు టవర్‌కూ సంబంధం లేదు. వాటిని చూసేది ఏరియా కంట్రోల్, వాళ్ళు ఎప్పటినుంచో కిటికీ లేని గదిలో రాడార్ ముందు కూర్చునే పని చేస్తున్నారు. కిటికీలోంచి కళ్ళతో చూసి చేసే పని టవర్ వాళ్ళది మాత్రమే. రన్‌వే, టాక్సీవే (రన్‌వేకు వచ్చిపోయే దారి), దిగడానికి వచ్చేది, ఎగరబోయేది, చుట్టూ సర్క్యూట్‌లో తిరిగేది. రిమోట్ టవర్ మార్చేది ఆ కిటికీని.

సరే, ట్రైనింగ్ దగ్గరికి వద్దాం. టవర్‌లోకి కొత్తగా వచ్చిన ట్రైనీకి ముందు రానిది ఇంగ్లీషు అనుకుంటారు అందరూ. కాదు. రూల్సూ కాదు, అవి బట్టీ పట్టే వస్తారు. కళ్ళు తిప్పడం రాదు. దాన్ని మేం స్కాన్ అంటాం. రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకు, అక్కడి నుంచి ఫైనల్ (విమానం దిగడానికి తిన్నగా వచ్చే దారి), మళ్ళీ వెనక్కి టాక్సీవే, ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు), విండ్‌సాక్ (గాలి చూపే గుడ్డ సంచి), కింద స్ట్రిప్ బోర్డు (ఒక్కో విమానం వివరాలు రాసిన చీటీల పలక), తల ఎత్తి మళ్ళీ రన్‌వే. ఇది ఆలోచించి చేసే పని కాకుండా పోవాలి, మాట్లాడుతున్నా ఫోన్ ఎత్తినా కళ్ళు వాటి పని అవి చేసుకుపోవాలి. "క్లియర్డ్ టు ల్యాండ్" అనే మాట, అంటే దిగడానికి అనుమతి, నోట్లోంచి వచ్చే క్షణంలో చూపు రన్‌వే మీద ఉందా, స్ట్రిప్ మీద ఉందా అని ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి చూసేది అదే.

ఇప్పుడు చెప్పు, కెమెరా రికార్డింగ్ చూస్తే ఇది వస్తుందా? కొంచెమే వస్తుంది. రికార్డింగ్‌తో నువ్వు మాట్లాడలేవు. నువ్వు ఆలస్యంగా చెప్పినా, తప్పు చెప్పినా అందులో విమానం దిగాల్సినట్టే దిగుతుంది. సిమ్యులేటర్‌లో అలా కాదు. పక్క గదిలో సూడో పైలట్ కూర్చుని ఉంటాడు, నువ్వు చెప్పింది అక్షరాలా చేస్తాడు. నువ్వు రెండో విమానాన్ని తొందరపడి లైనప్ చేయించావనుకో, అంటే ఎగరడానికి రన్‌వే మీదికి రప్పించావనుకో, వెనక ఫైనల్‌లో వస్తున్నది గో అరౌండ్ కొట్టక (దిగకుండా మళ్ళీ పైకి లేవక) తప్పదు, నీ చెవిలో ఆ మాట పడుతుంది, తర్వాత ఆ రెండింటినీ విడదీసే పని కూడా నీదే. తప్పు చేసి దాని ఫలితం ఎవరికీ దెబ్బ తగలకుండా అనుభవించే చోటు అదొక్కటే. అందుకే ప్రయాగ్‌రాజ్‌లోనో హైదరాబాద్ ట్రైనింగ్ సెంటర్‌లోనో ఆ నెలలు గడపాల్సిందే. స్తంభం మీది కెమెరా ఆ పని చేయలేదు.

మరి కెమెరా ఏం చేయగలదు? ఇక్కడే నీ ఆలోచనలో మంచి సగం ఉంది.

కర్నూలునే తీసుకో. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైంది, రన్‌వే 2,000 మీటర్లు, ఏటీఆర్‌లు (చిన్న పంకాల విమానాలు) వచ్చిపోతుంటాయి. కడప 2015లో మళ్ళీ తెరుచుకుంది. రెండుచోట్లా రోజంతా కలిపినా వచ్చిపోయే సర్వీసులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. అలాంటి చోట ఓజేటీకి వచ్చిన ట్రైనీ పరిస్థితి ఏంటంటే, గంటల లెక్క పుస్తకంలో నిండుతుంది గానీ చేయి తిరగదు. పొద్దున ఒక విమానం వస్తుంది, ముప్పావు గంటలో పోతుంది, మళ్ళీ మధ్యాహ్నం దాకా రన్‌వే మీద గాలి తప్ప ఏమీ ఉండదు. రెండు విమానాలు ఒకేసారి సర్క్యూట్‌లో ఉన్న పరిస్థితి నెలలో ఎప్పుడో ఒకసారి పడుతుంది, అది కూడా నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడే పడుతుందని రాసిపెట్టి లేదు. ఫ్లయింగ్ స్కూల్ ఉంటే వేరే కథ. కడపను ఏఏఐ ఫ్లయింగ్ స్కూళ్ళకు ఎంచుకున్న ఎయిర్‌పోర్టుల్లో చేర్చింది. శిక్షణ విమానాలు టచ్ అండ్ గోలు కొడుతూ (రన్‌వేను తాకి వెంటనే లేస్తూ) తిరుగుతుంటే టవర్ ట్రైనీకి పండగే, చెమటలు పడతాయి గానీ పని వచ్చేస్తుంది.

అదే ఒక రిమోట్ సెంటర్ ఉండి, దాంట్లో ఓర్వకల్లు, కడప, ఇంకో రద్దీ ఎయిర్‌పోర్టు దృశ్యాలు లైవ్‌లో వస్తున్నాయనుకో. ఒక మూల ట్రైనీకి స్క్రీన్లు, హెడ్‌సెట్, స్ట్రిప్ బోర్డు ఇవ్వాలి, మైకు మాత్రం ఎక్కడికీ కలపకూడదు. విమానం నిజం, గాలి నిజం, ఫ్రీక్వెన్సీలో వినపడే పైలట్ నిజం, క్లియరెన్సులు ఇచ్చే కంట్రోలర్ వేరే కుర్చీలో ఉన్నాడు. ఏటీఆర్ ఫైనల్‌లో 4 నాటికల్ మైళ్ళ దగ్గర ఉంది, 110 నాట్ల వేగంతో వస్తోంది, అంటే రెండు నిమిషాల చిల్లర. ఆ రెండు నిమిషాల్లో ట్రైనీ తన స్ట్రిప్ మీద తను ఎప్పుడు క్లియరెన్స్ ఇచ్చేవాడో టైమ్ రాసుకుంటాడు, ఏం చెప్పేవాడో డెడ్ మైకులో చెబుతాడు. అసలు కంట్రోలర్ అంతకంటే ముందే ఇచ్చాడా, ఆపి ఉంచాడా? ఆపితే ఎందుకు ఆపాడు? ఏప్రన్ దగ్గర ఒక జీపు రన్‌వే వైపు తిరగడం అతనికి కనపడిందా, నీకు కనపడలేదా? విమానం దిగి పార్కింగ్‌లోకి వచ్చాక అదే దృశ్యాన్ని వెనక్కి తిప్పి, గొంతుతో సహా పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.

ఈ వెనక్కి తిప్పడం ఎంత విలువైనదో టవర్‌లో ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళకే తెలుస్తుంది. మామూలు టవర్‌లో మాటలు రికార్డవుతాయి, రాడార్ ఉంటే అదీ రికార్డవుతుంది, కిటికీలోంచి కనపడింది మాత్రం ఎక్కడా ఉండదు. "రన్‌వే చూడకుండా క్లియరెన్స్ ఇచ్చావు" అంటాను నేను, "చూశాను సార్" అంటాడు వాడు, ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు. రిమోట్ టవర్‌లో ఆ క్షణంలో స్క్రీన్ మీద ఏముందో ఉంటుంది, జూమ్ కెమెరా ఎటు తిరిగి ఉందో ఉంటుంది. గొడవే లేదు, కూర్చుని నేర్చుకోవడమే. నన్నడిగితే, ట్రైనింగ్‌కు ఈ టెక్నాలజీ ఇచ్చే పెద్ద బహుమతి లైవ్ దృశ్యం కన్నా ఈ రికార్డే.

అయితే దీంతో పాటు వచ్చే చెడ్డ అలవాట్లు కూడా చెప్పాలి, వీడియోల్లో ఇవి చూపించరు. ఈ స్క్రీన్ల మీద విమానం పక్కన చిన్న లేబుల్ కనపడుతుంది, కాల్‌సైన్ (విమానాన్ని పిలిచే పేరు), ఎత్తు, వేగం. చాలా సుఖం. ట్రైనీ కళ్ళు నేరుగా లేబుల్ మీదికి దూకుతాయి, అక్కడి నుంచి ఇంకో లేబుల్ మీదికి. ట్రాన్స్‌పాండర్ (తానెవరో రేడియోలో పంపే పరికరం) లేని జీపుకు లేబుల్ ఉండదు. కుక్కకు ఉండదు. గడ్డి కోసేవాడికి ఉండదు. సిమ్యులేటర్‌లో ఒకసారి కావాలనే రన్‌వే ఇన్‌స్పెక్షన్ జీపును మధ్యలో నిలబెట్టి ఉంచాం. లేబుళ్ళు ఆన్‌లో ఉన్న స్క్రీన్ ముందు ఒక చురుకైన కుర్రాడు, పేపర్లో మంచి మార్కులు వచ్చినవాడు, విండ్ చదివి చక్కటి గొంతుతో క్లియరెన్స్ ఇచ్చేశాడు. జీపు స్క్రీన్ మీద కనపడుతూనే ఉంది, తెల్లటి జీపు, పైన పసుపు లైటు తిరుగుతూ. లేబుళ్ళు ఆపేసి అదే ఎక్సర్‌సైజ్ మళ్ళీ ఇస్తే వెంటనే పట్టుకున్నాడు. అందుకే నా అభిప్రాయం, ట్రైనీకి మొదటి వారాలు లేబుళ్ళు లేకుండానే నేర్పాలి, తర్వాత ఇవ్వాలి, ఇచ్చాక కూడా చెప్పకుండా మధ్యమధ్యలో ఆపేస్తుండాలి.

దూరం తెలియడం ఇంకో సమస్య. స్క్రీన్ చదునుగా ఉంటుంది, లోతు ఉండదు. పైగా లండన్ సిటీలో 360 డిగ్రీల దృశ్యాన్ని 225 డిగ్రీల స్క్రీన్లలోకి కుదించారు, అంటే నీ వెనక ఉండాల్సింది పక్కకు వస్తుంది. విమానం బేస్ లెగ్‌లో (ఫైనల్‌కు ముందు అడ్డంగా వచ్చే దారిలో) ఉందా ఫైనల్‌కు తిరిగిందా అన్నది తల తిప్పిన కోణాన్ని బట్టి చెప్పే అలవాటు ఉన్న పాత కంట్రోలర్లు కూడా దీనికి కొత్తగా అలవాటు పడాల్సిందే. ఒక లెక్క వేసి చూడు, నీకు మ్యాథ్స్ వచ్చు కదా. 14 కెమెరాలు చుట్టూ పంచుకుంటే ఒక్కోదానికి 26 డిగ్రీలకు దగ్గరగా. ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1,920 చుక్కలు, అంటే డిగ్రీకి 74. ఓర్వకల్లులో స్తంభం రన్‌వే మధ్యకు ఎదురుగా పెట్టినా చివర్లు కిలోమీటరు దూరం, అక్కడ ఒక డిగ్రీ అంటే 17 మీటర్ల పైమాటే. మీటరు పొడవున్న కుక్క స్క్రీన్ మీద నాలుగు చుక్కలు. మే నెలలో, మధ్యాహ్నం, రాయలసీమ ఎండలో, రన్‌వే మీద ఎండమావులు నీళ్ళలా ఊగుతుంటే ఆ నాలుగు చుక్కలు ఏమవుతాయో నువ్వే ఊహించుకో. మనిషి కంటికి కూడా ఆ ఎండలో కష్టమే, కాదనను, కానీ కంటికి కదలిక చటుక్కున తగులుతుంది, వీడియోను కుదించి పంపేటప్పుడు ముందుగా నలిగిపోయేది అలాంటి చిన్న కదలికలే.

జూమ్ కెమెరా ఉంది కదా అంటావు. ఉంది, అది తిప్పి చూస్తే కుక్క మీసాలు కూడా కనపడతాయి. చూస్తున్నంతసేపూ మిగతా రన్‌వే నీ బుర్రలోంచి పోతుంది, అదీ చిక్కు. జూమ్‌లోకి ఎంతసేపు వెళ్ళాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్నది కూడా నేర్పాల్సిన విద్యే.

ఇంకా మన నేల సంగతులు ఉండనే ఉన్నాయి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆషాఢం గాలికి ఎత్తైన స్తంభం కొస వణుకుతుంది, చిత్రం ఊగకుండా సరిచేసే ఏర్పాటు ఉండాలి. దుమ్ము, సాలెగూళ్ళు, పిట్టల రెట్టలు, వీటికి అద్దాన్ని గాలితో ఊది శుభ్రం చేసే ఏర్పాటు కావాలి. ఒక కెమెరా చచ్చిపోతే ఆ ముక్క నల్లగా అయిపోతుంది, అప్పుడు ఏ విమానాన్ని ఎక్కడ ఆపాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ట్రైనీ చేత పదేపదే చేయించాల్సిన పాఠం. "అయితే మన సీసీ కెమెరాల షాపులో నాలుగు కొని పెడితే సరిపోదా" అని కామెంట్లలో ఒకాయన అన్నాడు. చూసుకోవడానికి సరిపోతుందన్నా, విమానానికి క్లియరెన్స్ ఇవ్వడానికి సరిపోదు. కెమెరాలో పడ్డ దృశ్యం స్క్రీన్ మీదికి రావడానికి ఒక సెకను మించకూడదని యూరప్ ప్రమాణాలు చెబుతాయి, ఎందుకంటే నేను పైన చెప్పిన ఏటీఆర్ ఆ ఒక్క సెకనులో 55 మీటర్ల పైన కదిలిపోతుంది. అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో నిబంధనల పుస్తకం, డాక్ 4444 కూడా కిటికీకి బదులు కెమెరా వాడొచ్చని ఒప్పుకుంది, కానీ దానికోసమే ప్రత్యేకంగా అనుమతి పొందిన వ్యవస్థ అయితేనే.

లైట్ గన్ గురించి కూడా చెప్పాలి, నాకు ఇష్టమైన పాఠం ఇది. పైలట్ రేడియో చెడిపోతే టవర్ నుంచి రంగు దీపంతో చెబుతాం. గాల్లో ఉన్నవాడికి నిలకడగా ఆకుపచ్చ అంటే దిగొచ్చు, నిలకడగా ఎరుపు అంటే వేరే విమానానికి దారి ఇచ్చి తిరుగుతూ ఉండు, ఆరి వెలిగే ఎరుపు అంటే ఇక్కడ దిగకు, ఫీల్డ్ బాగాలేదు. పగలైతే పైలట్ రెక్కలు ఊపి అర్థమైందని చెబుతాడు. మామూలు టవర్‌లో ఆ తుపాకీని చేత్తో పట్టుకుని విమానానికి గురిపెట్టాలి. రిమోట్ టవర్‌లో అది స్తంభం మీదే ఉంటుంది, జూమ్ కెమెరా ఎటు తిరిగితే దీపం అటు తిరుగుతుంది. రెక్కలు ఊపడం ఆ చిన్న చిత్రంలో పట్టుకోగలవా? ఇది ఎక్సర్‌సైజ్‌గా ఇచ్చి చూస్తే, మాటల్లో తడబడని పిల్లలు కూడా ఇక్కడ బిక్కమొహం వేస్తారు.

నీ రెండో ప్రశ్న, ఉద్యోగాలు. నార్వేలో బోడో దగ్గర ఒక సెంటర్ పెట్టి చిన్న చిన్న ఎయిర్‌పోర్టులను ఒకేచోటు నుంచి చూస్తున్నారు, ఒకే కంట్రోలర్ రెండు మూడు చిన్న ఫీల్డులు చూసే పద్ధతి మీద కూడా అక్కడ పని జరుగుతోంది. కాబట్టి చిన్న ఎయిర్‌పోర్టుల్లో కుర్చీలు తగ్గొచ్చు, అబద్ధం చెప్పను. కానీ క్లియరెన్స్ ఇచ్చేచోట లైసెన్స్ ఉన్న కంట్రోలర్ ఉండాల్సిందే, పైగా ఒక్కో ఎయిర్‌పోర్టుకూ విడిగా ట్రైనింగ్ అయి పాసైతేనే అక్కడి మైకు చేతికిస్తారు, అది వంద కిలోమీటర్ల దూరం నుంచి చూసినా అంతే. మన దేశంలో ఎయిర్‌పోర్టులు పెరుగుతున్న తీరు చూస్తే నీ వయసువాడికి ఈ భయం అక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. "రిమోట్ టవర్ సర్టిఫికెట్ కోర్సు" అని ఎవరైనా డబ్బులడిగితే కట్టకు, ఆ కాగితం ఏఏఐ సెలెక్షన్‌లో ఎందుకూ పనికిరాదు, సెలెక్టయ్యాక ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు. నీకు బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి, అర్హత సరిపోయింది, వయసు 27 దాటకుండా చూసుకో, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంటుంది. రాతపరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్ ఉంటుంది, రోజూ పది నిమిషాలు గట్టిగా ఇంగ్లీషు చదువు, తొందర లేకుండా, అంకెలు విడివిడిగా. బెంగళూరు ఎయిర్‌పోర్టు మెటార్ (వాతావరణ రిపోర్టు) వీఓబీఎల్ కోడ్‌తో నెట్‌లో దొరుకుతుంది, గాలి, విజిబిలిటీ, మబ్బులు రోజూ విప్పి చదువు. ఎయిర్‌పోర్టు దగ్గర లైసెన్స్ లేకుండా రేడియో రిసీవర్ పెట్టి వినే పనులు మాత్రం పెట్టుకోకు, కేసవుతుంది.

స్కాన్ ఇప్పుడే కావాలంటే నలుగురు స్నేహితులను పోగెయ్. కాలేజీ గ్రౌండ్‌లో సున్నంతో రన్‌వే, ఒక టాక్సీవే, చుట్టూ సర్క్యూట్ గీయండి. ముగ్గురు విమానాలు, ఒకడు జీపు. నువ్వు మెట్ల మీద నిలబడు, చేతిలో అట్టముక్కల స్ట్రిప్‌లు. విమానం వాళ్ళు ఒకే వేగంతో నడవాలి, నువ్వు చెప్పింది తిరిగి చెప్పి అదే చేయాలి, జీపు వాడు మాత్రం అప్పుడప్పుడు చెప్పకుండా రన్‌వే మీదికి వచ్చెయ్యాలి. ఫోన్‌లో వెనకనుంచి నీ తలకాయ కనపడేలా వీడియో తీయించుకో, రాత్రి కూర్చుని చూడు, క్లియరెన్స్ ఇచ్చినప్పుడు తల ఎటు ఉందో. మేం శిక్షణలో టేబుల్ మీద బొమ్మ విమానాలతో చేసేది దాదాపు ఇదే.

ఒక్కటి మర్చిపోకు. కోచింగ్ ఫీజు కట్టకముందే కంటి డాక్టర్ దగ్గరికి పోయి రంగుల పరీక్ష చేయించుకో. ఏటీసీకి క్లాస్ 3 మెడికల్ ఉంటుంది, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే అన్నీ పాసైనా అక్కడ ఆగిపోతుంది, ఆ తేడా ఉన్నట్టు చాలామందికి అప్పటిదాకా తెలియనే తెలియదు. కర్నూలు పెద్దాసుపత్రిలో కంటి విభాగం ఉంది, పొద్దున్నే పోతే మధ్యాహ్నానికి పని అయిపోతుంది. రిపోర్ట్ ఏమొచ్చిందో రాయి, సిలబస్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.